చెప్పులు విప్పిన అరుగు

అరుగు మీది బండలు పీకించి టైల్సు వేయిస్తానని మా పెద్దోడు పట్టుబట్టాడు. మేస్త్రీని కూడా పిలుచుకొచ్చాడు. ఆ మేస్త్రీ చెప్పులతోనే అరుగెక్కి, మడమతో ఒక బండను తట్టి, "ఇవేం బండలవ్వా, అంచులన్నీ ఇరిగిపోయిండాయి. నాసిరకం" అన్నాడు.

"ముందు కిందికి దిగి చెప్పులిడిచి రా, తర్వాత చెప్పుదువు" అన్నాను.

అతను నవ్వుతూ దిగాడు. మా కోడలు లోపలి నుంచి, "మా అత్తకు దుడ్లు బయటికి తియ్యాలంటే పాణం పోతాది, నువ్వు రేపు రాప్పా" అంది. అందులో అబద్ధమేమీ లేదు. చింతపండు పిండిన పిప్పితో చెంబులు తోమి, ఆ పిప్పిని మళ్లీ ఎండబెట్టుకునే మనిషిని నేను. కానీ బండల సంగతి పొదుపు సంగతి కాదు. ఆ మాట ఇంట్లోవాళ్లకు నోటితో చెప్పడం నాకు చేతకాలేదు. అందుకే రాస్తున్నాను. మూడో తరగతితో బడి మానినదాన్ని, తప్పులుంటే దిద్దుకొని చదువుకోండి.

ఈ బండల మీద పడుకొని వెళ్లిన మనిషి ఒకడున్నాడు. పేరు రాయను. అతని మామ దాయాదుల పిల్లలు ఇప్పటికీ వాళ్ల ఊళ్లోనే ఉన్నారు.

ఆంధ్ర రాష్ట్రం వేరుపడిన రోజులవి. ప్రొద్దుటూరులో మా ఇల్లు కోర్టు వెనక సందులో. వాయిదాలున్నవాళ్లు పల్లెల నుంచి ముందురోజే వచ్చి, ఎవరి అరుగు ఖాళీగా ఉంటే ఆ అరుగు మీద పడుకునేవాళ్లు. మా అరుగుకు నేనొక పద్ధతి పెట్టాను. దుడ్లు వద్దు, పడుకునే మనిషి ఒక మోపు పొయ్యికట్టె తేవాలి. తేనివాడికి కడవలో నీళ్లు కూడా ముంచి ఇచ్చేదాన్ని కాదు. మా ఆయన పత్తి మిల్లులో కాటా దగ్గర పనిచేసేవాడు. ఆ జీతానికి నలుగురు పిల్లలు. నేను కట్టెలు కొనకుండా పన్నెండేళ్లు వంట చేశాను. కోర్టు జనం నన్ను కట్టెలమ్మ అనేవాళ్లు. ఆ పేరు నాకు తెలియదనుకునేవాళ్లు.

అతను మొదటిసారి వచ్చినప్పుడు నెత్తిన కందికట్టె మోపు, చంకలో గోనెసంచి, మెడ నుంచి వేలాడుతూ ఒక ఎండు సొరబుర్ర. బుర్రలో కేసు కాగితాలు చుట్టలు చుట్టి పెట్టి, మూతికి మైనం పూసుకున్నాడు. సంచి మీద ఎర్రటి గేరురంగుతో నెలవంక, కింద ఒక చుక్క. అదేమిటని అడిగితే, "మా మామ ఇంటి గుర్తుకా. ఎద్దులకు ఇదే వాత పెడతాం, మూటలకు ఇదే గీస్తాం" అన్నాడు. అక్కా అనడానికి మా దిక్కు వాళ్లు కా అంటారు. ముప్పైకి లోపలి వయసు. కిర్రుచెప్పులతో చరచరా వచ్చి, ఆ పొద్దుటే పేడతో అలికిన అరుగెక్కాడు.

"అబ్బీ, అలికిన అరుగు. చెప్పులిడువు."

"అరికాళ్లు పగిలిండాయికా. ఇడిస్తే నెత్తురొస్తాది."

"వస్తే కడుక్కో. నా అరుగు మళ్లీ అలికేదెవురు?"

దిగి చెప్పులు విడిచాడు. తర్వాతి వాయిదాకు మళ్లీ చెప్పులతోనే ఎక్కాడు. మళ్లీ నేను తిట్టాను. ఆ తగవు మా ఇద్దరి మధ్య ఏళ్ల తరబడి నడిచింది.

అలాగని అతనికి పద్ధతి తెలియదని కాదు. ఒకసారి వాయిదా తొందరగా ముగిసి పొద్దు మిగిలింది. నేను పెన్న ఒడ్డు చేలలో శెనక్కాయల పరిగె ఏరుకోవడానికి పోతుంటే సంచి మోస్తానని వెంట వచ్చాడు. రైతులు కాయ పెరికి వదిలేసిన చేలల్లో మట్టిలో మిగిలినవి ఏరుకుంటే ఎవరూ ఏమీ అనరు. గట్టు దగ్గరికి రాగానే అతను చెప్పులు విడిచి పక్కపక్కన పెట్టాడు. వంగి మట్టి తాకి కళ్లకద్దుకొని దిగాడు.

"ఇప్పుడు నెత్తురు రాదా?" అన్నాను.

"చేనుకా ఇది. చేన్లోకి చెప్పులతో ఎట్ల దిగేది?"

"నా అరుగు మింద ఎక్కొచ్చా?"

"అరుగు అన్నం పెడతాదా?" అన్నాడు, ఎగతాళి లేకుండా. నిజంగానే అడిగాడు.

అతను ఎప్పుడూ కేసు అనేవాడు కాదు. పొద్దున సద్ది తిని లేచి, "చేనుకు పోయొస్తాకా" అని కోర్టుకు పోయేవాడు. సందులో అటూ ఇటూ తిరిగేటప్పుడు కూడా మలుపు దగ్గర ఎప్పుడూ ఎడంపక్కకే తిరిగేవాడు, నాగలి కాడి తిప్పినట్టు. తిరుగుతూ గొంతులో చిన్నగా "హో" అనుకునేవాడు. మా పిల్లలు వెనక నడిచి వెక్కిరించేవాళ్లు. వాన పడితే మాత్రం అతనికి కాలు నిలిచేది కాదు. చూరు కింద నిలబడి చెయ్యి చాపి, "ఉత్తరం నుంచి వచ్చింది. మా చేనికి పడింటాది. రేపటికి పదునొస్తాది, గుంటక తోలొచ్చు" అనేవాడు. ఆ చేనులోకి అడుగుపెట్టనివ్వకుండా అతన్ని తరిమేసి అప్పటికి ఏడాది దాటింది.

ఆ కథ అతను ఒక్కసారిగా చెప్పలేదు. ఒక్కో వాయిదాకు ఒక్కో ముక్క చెప్పాడు.

అతను ఇల్లరికపుటల్లుడు. పులివెందుల దిక్కు పేద ఇంట్లో మూడో కొడుకు. జమ్మలమడుగుకు రెండు క్రోసుల దూరంలో ఎనిమిది ఎకరాల నల్లరేగడి ఉన్న రైతుకు ఒకతే కూతురు, పెండ్లాం లేదు. పదహారేళ్ల వాడిని తెచ్చుకొని కూతుర్నిచ్చాడు. మా సీమలో కొడుకుల్లేని రైతు అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకుంటే, ఆ అల్లుడు కష్టపడి పొలం నిలబెడితే, మామ పోయాక పొలం అల్లుడిదే. దాన్నెవరూ కాగితం మీద రాసుకోరు. పదిమందిలో మాట అనుకుంటారు, అంతే. పన్నెండేళ్లు చేశాడు. ఈశాన్యం మూలలో నాగలి కర్రుకు బండ తగిలి ఖంగుమనేదట. పసుపు గీతల బూడిదరంగు బండ. అక్కడ మన్ను జానెడే. "మా మామ ఆ మూల వదిలెయ్ అంటాండె. నేను వదల్లా. చెరువు మన్ను మోసి పోసినా. మూడోయేటికి ఆ మూల కూడా జొన్న నిలబడింది" అని చెప్పేటప్పుడు అతని చేతులు తట్ట ఎత్తినట్టు పైకి లేచేవి.

ఒక ఎండాకాలం మామ పోయాడు. ఆ రోజుకు అతని భార్యకు ఏడో నెల. శవం లేపే వేళకు కొరివి కుండ అతని చేతికివ్వబోతుంటే మామ తమ్ముడు అడ్డం వచ్చాడట. ఇతను చిన్నమామ అని పిలిచే మనిషి. "కడుపుతో ఉండే ఆడదాని మొగుడివి, నువ్వు పట్టగూడదప్పా. బిడ్డకు కీడు. మావోడు పడతాళ్లే" అని తన కొడుకు చేతికి కుండ ఇప్పించాడు. ఇతనికి అది దయ అనిపించింది. చిన్నమామ కాళ్లకు మొక్కాడు కూడా.

రెండు నెలలకు కాన్పులో భార్య పోయింది. బిడ్డ కూడా పోయింది. ఆమె దినాలు ముగిసిన మరునాడు పొద్దున లేచేసరికి అతని పరుపు, సంచి వీధిలో ఉన్నాయి. చిన్నమామ గడపలో నిలబడి, "నువ్వెవురప్పా మాకు? మా అన్న దగ్గర జీతమున్నోడివి. కొరివి పెట్టినోడే కొడుకు. మావోణ్ని మా అన్న పెంచుకునిండె" అన్నాడట.

ఊరు ఊరంతా చూస్తూ నిలబడింది. ఇతను ఊరి పొలిమేర దగ్గర ఆగి ఒక మాట అన్నాడు. డిక్రీ చేతబట్టుకొనే మళ్లీ ఈ ఊర్లో కాలు పెడతా, అంతదాకా ఈ దోవ తొక్కను అని. మా దిక్కు మగవాళ్లకు ఇలాంటి మాటలు అనడం తెలుసు, వెనక్కి తీసుకోవడం తెలియదు. తిరిగి పులివెందుల పోయి ఒక రైతు దగ్గర శెనక్కాయ చేలల్లో జీతానికి కుదిరాడు. ఆ జీతం ప్లీడరుకు, ఆ కాళ్లు వాయిదాలకు. ఒకసారి పెన్న నిండుగా వస్తుంటే, ఏరు తగ్గేదాకా ఆగమని అందరూ చెప్పినా బుర్రను ఎదకు కట్టుకొని ఈదాడు. మా అరుగు దగ్గరికి వచ్చేసరికి ఒంటి మీద బట్ట కారుతోంది. బుర్ర మూత తీసి కాగితాలు చూసుకున్నాడు. పొడిగా ఉన్నాయి. ఆ రోజు మాత్రం కట్టెల మోపు లేదు. నేను ఊరుకోలేదు, మరుసటి వాయిదాకు రెండు తెప్పించుకున్నాను.

అతన్ని బోనులో నిలబెట్టిన రోజు నేను కోర్టు వసారాలోనే ఉన్నాను. ఎండాకాలాల్లో అక్కడ మజ్జిగ అమ్మేదాన్ని. కిటికీ తెరిచి ఉంది. అవతలి ప్లీడరు గొంతు పెద్దది.

"కన్నతండ్రి పోతాడు. కొడుకు భార్య గర్భవతి. ఆ కొడుకు కొరివి పట్టడా?"

"పడతాడు సామీ."

"కొడుకుకు ఆ పట్టింపు లేదు కదా?"

"ల్యా."

"మరి నీకు ఆ పట్టింపు ఎట్ల వచ్చింది?"

అతను మెడలోని సొరబుర్రను పట్టుకున్నాడు.

"అంటే నువ్వు కొడుకువు కావని ఆ రోజు నీకే తెలుసు. అవునా, కాదా?"

అతను, "బిడ్డ కోసం పట్టలా" అన్నాడు.

"ఏ బిడ్డ?" అన్నాడు ప్లీడరు, చేతిలో కాగితాలు తిరగేస్తూ. కావాలని అన్న మాట కాదు. అతనికి నిజంగా తెలియదు. జడ్జీ తలెత్తి, ముందుకు పొమ్మన్నాడు. నా మజ్జిగ కడవ దగ్గర ఇద్దరు గ్లాసులు పట్టుకొని నిలబడ్డారు. నేను పోయలేదు.

ఆ కోర్టులో ఓడిపోయాడు. ఓడినదానికంటే ఆ ప్రశ్న అతన్ని ఎక్కువ తిన్నది. కనబడిన వాళ్లందరినీ అడిగేవాడు. బస్సు కండక్టరును, టీ అంగడి సాయిబును, సందు మొదట్లో కూర్చునే గుడ్డి ముసలాయనను కూడా. "నువ్వైతే ఏం చేసింటావప్పా? పట్టింటావా, పట్టవా?" కొందరు పట్టేవాణ్ని అన్నారు, కొందరు పట్టేవాణ్ని కాదన్నారు. టీ అంగడి సాయిబు, "మాలో ఆ కుండే లేదు మామా, నన్నెందుకు ఇరికిస్తావు" అని ఊరికే టీ ఇచ్చాడు.

ఒకనాడు నేను అరుగు మీద బియ్యం చెరుగుతుంటే నా దగ్గరికొచ్చాడు.

"నువ్వు చెప్పుకా. నేను చేసింది తప్పా?"

"ఆడదానికి కొరివి కుండ ఎవురిస్తారబ్బీ, నన్నడగతాండావు."

"ఇస్తే అనుకో."

అతను పోడని తెలిసింది. చేట కింద పెట్టాను. "అడిగినావు గాబట్టి చెప్తాండా. తప్పే. కొడుకుననుకున్నోడు పట్టాల్సింది. పట్టినా పట్టకున్నా పొయ్యే బిడ్డ పోతాది."

నేను అబద్ధం చెప్పే మనిషిని కాను. కానీ ఆ మాట అనాల్సిన అవసరం ఏమిటని ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉంటాను. అతను కాసేపు బియ్యంలోని రాళ్లవైపు చూశాడు. సంచి తీసుకొని దిగిపోయాడు. తర్వాత మూడుసార్లు ప్లీడరు దగ్గరికి ప్రొద్దుటూరు వచ్చి కూడా మా అరుగెక్కలేదు. బస్టాండులో పడుకుంటున్నాడని పిల్లలు చెప్పారు. నాలుగోసారి వచ్చినప్పుడు నా పెద్దోణ్ని పంపాను. "కట్టెలు అయిపోయినాయంట, మా అమ్మ నిన్ను మోపు తెమ్మనింది" అని చెప్పమన్నాను. నిజానికి దొడ్డి నిండా కట్టెలున్నాయి. అతను వచ్చాడు. మోపు దొడ్లో వెయ్యడానికి పోయి, అక్కడి గుట్ట చూసి, ఒక్క మాటా అనకుండా దాని మీద ఇదీ వేశాడు. చెప్పులతోనే అరుగెక్కాడు. ఆ ఒక్కరోజు నేను తిట్టలేదు.

ప్లీడరు కడపలో అప్పీలు వేశాడు. ఈసారి ఒక సాక్షి దొరికాడు. ఇతని పెళ్లికి పరుపు కుట్టడానికి వచ్చిన దూదేకుల తాత. ఆ పల్లెలో నోరు తెరిచే రైతు ఒక్కడు లేడు. ఈ తాతకు చిన్నమామ మనుషులు చెప్పి పంపారట, కడపకు పోతే తిరిగి రావని. ముసలాయన నవ్వి, "డెబ్బై దాటినాయి. యాడికి పోయినా తిరిగొస్తానని నమ్మకమేముంది" అని బండెక్కాడు. జడ్జీ ముందు ఆయన ఎక్కువ చెప్పలేదు. "పరుపు ఎంత వెడల్పు కుట్టల్లని పెద్దాయన్ను అడిగితిని. 'వెడల్పుగా కుట్టు సాయిబూ, అల్లుణ్ని కాదు, కొడుకును తెచ్చుకుంటాండా, ఈ ఇల్లూ చేనూ వాడివే' అన్నాడు. ఐదుమంది పెద్దలుండారు అప్పుడు. నలుగురు పోయినారు. ఐదోవాడు ఆడ కూచోనుండాడు, అడగండి." ఆ ఐదోవాడు చిన్నమామే.

అక్కడ గెలిచాడు. చిన్నమామ హైకోర్టుకు పోయాడు. అప్పుడు హైకోర్టు గుంటూరులో ఉండేది. కాగితాలు అక్కడికి పోయాక ఆంధ్రప్రదేశ్ వచ్చింది, హైకోర్టు హైదరాబాదుకు పోయింది. "కోర్టు కూడా నా మాదిరే ఇల్లు మారిందికా" అని నవ్వాడు. అతను నవ్వగా చూడడం నాకు అదే మొదలు. తీర్పు వచ్చేదాకా చేను చిన్నమామ చేతిలోనే ఉంది. "ఒకసారి పోయి గట్టు మింద నిలబడి చూసి రారాదా, ఎట్లుందో" అని నేను రెండు మూడుసార్లు అన్నాను. "డిక్రీ లేకుండా ఆ దోవ తొక్కనని చెప్పినాకా" అనేవాడు. పోలేదు.

ఆ మధ్యలోనే మా ఆయన పోయాడు. వారానికి రెండుసార్లు అరుగు అలకడానికి నాకు తీరిక లేకుండా పోయింది. ఒకరోజు జమ్మలమడుగు దిక్కు నుంచి నాపరాళ్ల బండి వచ్చింది. అంచులు విరిగినవి, ఎవరూ తీసుకోనివి అడుగున మిగిలాయి. నేను ఆ విరిగినవాటికే బేరం పెట్టి, పొద్దున మొదలుపెట్టి ఎండ నడినెత్తికి వచ్చేదాకా నిలబెట్టాను. బండివాడు చివరికి దండం పెట్టి, "నీతో బేరమాడేకంటే గనిలో రాయి కొట్టేదే సులువు మా" అని దించేసి పోయాడు. నేనే మన్ను తడిపి పరిపించుకున్నాను. మెట్టు పక్క బండ ఒకటి మాత్రం సరిగ్గా కూర్చోక, కాలు పెడితే టకటకమనేది.

అతను మరుసటిసారి వచ్చి కొత్త అరుగు చూసి సంబరపడ్డాడు. అరచేత్తో రాసి చూశాడు. బూడిదరంగు మీద సన్నని పసుపు గీతలు. "మా దిక్కు రాయేకా ఇది. మా చేన్లో ఈశాన్యం మూల ఇట్లాటిదే" అన్నాడు.

"అయితే నీ చేన్లోనే పండుకున్నాననుకొని పండుకో. అలికే పని తప్పింది, నీ చెప్పుల తగువూ తప్పింది" అన్నాను.

ఎగతాళికే అన్నాను. ఆ పూట అతను అన్నం తిని, చెయ్యి తలకింద పెట్టుకొని, ఎప్పుడూ లేనంత హాయిగా నిద్రపోయాడు. చెప్పులు కాళ్లకే ఉన్నాయి.

హైకోర్టులో కూడా అతనే గెలిచాడు. ప్లీడరు గుమాస్తా పరిగెత్తుకొచ్చి మా అరుగు దగ్గరే ఆ మాట చెప్పాడు. పొలం స్వాధీనం చెయ్యడానికి కోర్టు అమీను వస్తాడు, పలక డప్పు కొట్టించి, హద్దులు చూపించి అప్పగిస్తాడు. ముందురోజు అతను మా సందులో మంగలిని పిలిపించుకొని గడ్డం గీయించుకున్నాడు. కొత్త ధోవతి. బుర్రలో డిక్రీ ఒక్కటే పెట్టుకున్నాడు. పోతూ పోతూ, "చేనుకు పోయొస్తాకా" అన్నాడు. ఆ మాట అతని నోట సరైన అర్థంతో వినడం నాకు అదే మొదలు.

మరునాడు మధ్యాహ్నం తిరిగొచ్చాడు. అరుగెక్కలేదు. సందులో ఎండలో నిలబడ్డాడు.

"ఏందబ్బీ, గెలిచినోడి మొగమేనా అది?"

"చేను ల్యాదుకా."

"ల్యాకపోవడమేంది? అమీను అప్పగించలేదా?"

"అప్పగించినాడు. పలక కొట్టినారు. హద్దులు నాలుగూ చూపించినారు, అన్నీ సరిగ్గానే ఉండాయి. నడుమ చేను ల్యా. గుంత ఉంది. ముగ్గురు మనుషుల లోతు. ఈశాన్యం మూల మొదలుపెట్టి ఎనిమిదెకరాలూ తవ్వినారు. ఆరేండ్లుగా బండలు తీసి అమ్ముకున్నారంట. నేను మోసిన చెరువు మన్ను ఒక పక్క కుప్ప పోసిండారు. దాని మింద కంపచెట్లు మొలిచిండాయి."

అరుగు మీంచే నీళ్ల చెంబు అందించాను.

"చిన్నమామ గట్టు మింద కుర్చీ ఏసుకొని కూచున్నాడు. 'తీసుకోప్పా నీ చేను' అన్నాడు. ఊర్లో అందరికీ తెలుసు. ఒక్కరూ నాకు చెప్పలా. నేను ఆ దోవ తొక్కనంటి గదా."

"ప్లీడరు ఏమన్నాడు?"

"రాయి అమ్ముకున్నదానికి ఇంకో దావా వెయ్యమన్నాడు."

"వేస్తావా?"

"రాయిని మళ్లీ మన్ను చేస్తాదా కోర్టు?" అన్నాడు. తర్వాత నా కాళ్ల కిందికి చూశాడు. "ఈ బండలు యాడియికా?"

బండివాడు జమ్మలమడుగు దిక్కు అన్నాడని చెప్పాను. అతను మెట్టు దగ్గరికి వచ్చి వంగి, టకటకమనే ఆ బండ కింద వేళ్లు పెట్టి పైకి లేపాడు. అడుగున మన్ను అంటుకొని ఉంది. అరచేత్తో తుడిచాడు. గేరురంగుతో నెలవంక, కింద చుక్క.

ఆ గుర్తును అతని సంచి మీద పదేళ్లుగా చూస్తున్నాను. నాకెవరూ చెప్పనక్కర్లేదు.

"చౌకగా వచ్చినాయంటివి" అన్నాడు.

"అవును."

"శానా చౌకా?"

ఎంతకు కొన్నానో చెప్పాను. దాచలేదు. అతను తల ఊపాడు, సంతలో ఎద్దు ధర విన్నట్టు. బండను మళ్లీ పడుకోబెట్టాడు. సందులోంచి గుప్పెడు మన్ను తెచ్చి కింద సందుల్లో కూరి, చేత్తో నొక్కి, కాలితో తొక్కి చూశాడు. కదల్లేదు. ఈ రోజుకూ ఆ బండ కదలదు.

అప్పుడతను సందులోకి దిగి చెప్పులు విడిచాడు. పక్కపక్కన పెట్టాడు. వంగి మెట్టు మీది బండను తాకి వేళ్లు కళ్లకద్దుకొని, ఒట్టికాళ్లతో అరుగెక్కాడు. ఎండకు బండలు కాలుతున్నాయి. నడుమకు పోయి కూర్చున్నాడు. పొద్దు వాలేదాకా అలాగే కూర్చున్నాడు. ఆ రోజు కట్టెల మోపు తేలేదు. నేను అడగలేదు. సంగటి పెట్టాను, తిన్నాడు. పోయాక చూస్తే బండల మీద రెండు మూడు చోట్ల నెత్తురు మరకలున్నాయి. అరికాళ్లు పగిలాయని అతను చెప్పింది అబద్ధం కాదు. పదేళ్లుగా నేను నమ్మలేదు.

దావా వేయలేదు. ఆ ఊరికి మళ్లీ పోలేదు. పులివెందుల రైతు దగ్గరే ఉండిపోయాడు. ఏడాదికి ఒకసారో రెండుసార్లో వచ్చేవాడు, కోర్టులో పనేమీ లేకుండానే. సందు మొదట్లోనే చెప్పులు చేతికి తీసుకునేవాడు. "ఎందుకొచ్చినావబ్బీ" అంటే, "చేనుకొచ్చినాకా" అనేవాడు. కాసేపు కూర్చొని, అరచేత్తో బండ రాసి పోయేవాడు. వాన గురించి మాత్రం మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు.

ఒక ఏడు రాలేదు. ఆ మరుసటి ఏడు పులివెందుల దిక్కు నుంచి ఒక పడుచు రైతు, భార్య, ఆమె చంకలో బిడ్డ మా సందులోకి వచ్చారు. బిడ్డకు చెవులు కుట్టించడానికి ప్రొద్దుటూరులో బంగారు కమ్మలు కొనాలని వచ్చారట. అతని నెత్తిన కందికట్టె మోపు ఉంది. బస్సు టాపు మీద వేసుకొని తెచ్చాడు.

"కట్టెలమ్మ ఇల్లు ఇదేనా మా? మా దగ్గర చేను చేసిన మామ ఒకాయన ఉండె. పొయ్యేముందర చెప్పినాడు, నీకొక మోపు ఇయ్యాల్సిందుంది, ప్రొద్దుటూరికి పోతే ఇచ్చి రాండని."

"పోయినాడా?"

"పోయిన ఎండాకాలం."

నేను అడగదలచుకోలేదు, నోటికి వచ్చేసింది. "కొరివి ఎవురు పెట్టినారు?"

"నేనే."

ఆమె చంకలోని బిడ్డను చూశాను. నెలలు లెక్కపెట్టుకున్నాను. అతనికి అర్థమైంది. "అప్పటికి ఈమెకు ఏడో నెల. ఊర్లో అందరూ అడ్డమొచ్చినారు, పట్టగూడదని. నన్నెత్తుకొని పెంచిన మనిషి మా. ఇంకెవురు పెడతారు?"

బిడ్డ ఆడపిల్ల. తల్లి జడ పట్టుకొని లాగుతోంది.

"పైకి రాండి, ఎండలో ఎందుకు" అన్నాను. అతను మోపు దించి, నేను నోరు తెరవకముందే సందులోనే చెప్పులు విడిచాడు. భార్యను కూడా విడవమన్నాడు. నా మొహం చూసి, "ఆ మామ చెప్పిండె మా, ఈ అరుగు చెప్పులతో ఎక్కేది కాదని" అన్నాడు.

అందుకే మేస్త్రీని పంపించేశాను. టైల్సు ఇంట్లో ఎన్నైనా వేసుకోమన్నాను, అరుగు జోలికి రావద్దన్నాను. మా పెద్దోడు ఇంకా మాట్లాడడం లేదు. ఇది చదివి మాట్లాడితే మాట్లాడతాడు.

ఆ కందికట్టె ఏం చేశావని మా మనవరాలు అడిగింది, దాచిపెట్టుకున్నావా అని. కట్టె దాస్తే పురుగు పడుతుంది. ఆ పూటే పొయ్యిలో పెట్టి వాళ్లకు అన్నం వండాను.